ప్రేక్షకధర్మము

మన దేశమున చూచుట యను పని యిటీవల మిక్కిలి చౌకయైనది. పూర్వ మొక వేడుకను జూడగోరినవాడు కన్నులు తీసికొని పోయెడివాడు. ఇప్పుడు కెమెరా తీసికొని పోవుచున్నాడు. దీనిని నిందించుట నా యుద్దేశము కాదు. ఛాయాచిత్రము తీయుట కళయే. అందు శ్రమయు, ఓర్పును, నేర్పును గలవు. నా యింటను కెమెరా యున్నది. నేను వాదింపబూనినది వేఱొకటి. ఒకే మనుష్యుడు, ఒకే కెమెరాతో, మోటారు పందెముల గ్యాలరీలో నొక తీరుగను, మా అరకులోయలో మఱియొక తీరుగను ఏల వర్తించుచున్నాడు? అచ్చట పాటించిన మర్యాద యిచ్చటికి వచ్చునప్పటికి ఏ సొరంగములో జారిపోవుచున్నది? పందెపు కారునకును కొండపిల్లకును సామ్య మేమని కొందఱు పెద్దలు నవ్వవచ్చును. సామ్యము లేకపోవుటయే నా యభియోగము. కారున కిచ్చిన గౌరవము పిల్లకు దక్కుట లేదు.

మొదట పందెమును గూర్చి చెప్పవలెను. 2023 ఫిబ్రవరి 11 వ తేదీ శనివారమున హైదరాబాదు నగరమున, హుస్సేన్‌సాగరపు గట్టున, ఫార్ములా-ఈ యను విద్యుత్తు కార్ల పందెము జరిగినది. ఆ తరగతి పందెము భారతదేశమున జరుగుట అదియే ప్రథమము. నెక్లెస్ రోడ్డు, లుంబినీ పార్కు, సచివాలయము, ఎన్టీఆర్ మార్గము, ఈ ప్రాంతమున దినదినమును బస్సులు, ఆటోలు నడచు బాటలనే సిమెంటు దిమ్మెలతోను ఇనుపవలలతోను బంధించి, 2.8 కిలోమీటర్లకు మించిన చుట్టుగా మార్చిరి. అందు 18 మలుపులు. 11 జట్లు, 22 కార్లు. మిచ్ ఇవాన్స్ అందఱికంటె ముందు నిలిచి బయలుదేరెను. కాని యాయన జట్టువాడే యగు సామ్ బర్డ్ మెలితిరుగు మలుపులో వచ్చి ఢీకొనగా నిరువురును పందెమునకు దూరమైరి. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచెను. నిక్ కాసిడీ రెండవవాడు. 22 మంది చోదకులలో భారతీయు డొక్కడును లేడు. మహీంద్రావారి జట్టు మాత్రము మనదనిపించుకొనెను. 2024 ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ పందెము, రాష్ట్రమున ప్రభుత్వము మారిన పిమ్మట, ఆ జనవరిలోనే రద్దయ్యెను. దాని చెల్లింపులను గూర్చిన వివాదము న్యాయస్థానముల కెక్కినది. దానిని న్యాయవాదులకే విడుతును.

పందెమను మాట వినినంతనే ముక్కు విఱుచు శ్రోత్రియులు, వాజపేయయాగమున 17 రథముల పందెము విహితమని జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. వేగముపై మనకుగల మోజు నిన్నటిది కాదు. మలక్‌పేట గుఱ్ఱపుపందెముల వలె నిచ్చట జూదశాల వాసన యంతగా లేదు. కావున పందెమును నేను దూషింపను.

ఆ శుక్ర శనివారములు నేనును టిక్కెట్టు కొని గ్యాలరీ మెట్లపై గూర్చుండి బొమ్మలు తీసితిని. ఆ పని యెట్టిదో యెఱుగనివారికి కొంచెము వివరింపవలసి యున్నది. నా వాదమంతయు దానిలోనే కలదు. ప్రేక్షకునకును కారునకును నడుమ సిమెంటు దిమ్మెల వరుస, దానిపై ఇనుపవల. కెమెరా తనంత తాను దృష్టిని సవరించుకొనునది గనుక, ముందున్న వలయే ముఖ్యమని తలచి, వలను స్పష్టముగను కారును మసకగను జూపును. కటకమును వలకు దగ్గఱగా జేర్చి, దాని కన్నును పూర్తిగా దెఱచినచో వల కరగి మాయమగును. కాని మెట్లపై గూర్చున్నవానికి వలదాక పోవుట కధికారము లేదు. పైమెట్టు దొరకినవాడు వల మీదుగా జూడగలడు. క్రింది మెట్టువానికి వలయే ప్రపంచము. ఈ కార్లకు పెట్రోలు కార్ల గర్జన లేదు. సన్నని యీలవంటి ధ్వని మాత్రము వినబడును. చెవి హెచ్చరించులోపల కారు వచ్చి పోవును. మరల నది వచ్చుటకు ఒకటింబావు నిమిషము వేచియుండవలెను. మధ్యాహ్నము మూడు గంటల యెండలో బాట మెఱసి బొమ్మ తెల్లబోవుచుండును.

అంతకంటె చిత్రమైన చిక్కు మఱియొకటి గలదు. గంటకు 320 కిలోమీటర్ల వేగమునకై నిర్మించిన కారును, సెకనులో వేయవవంతు కాలము మాత్రము తలుపు దెఱచి పట్టితిమా, చక్రముల చువ్వలు సహితము స్పష్టముగా గనబడును; కాని కారు వీధిలో నిలిపియుంచినట్లుండును. అతివేగముగా దీసిన బొమ్మలో వేగ ముండదు! వేగము కావలెనన్నచో సెకనులో అఱువదవవంతుదాక తలుపు దెఱచియుంచి, కారు వచ్చుచుండగనే దానితోపాటు నడుమును మెల్లగా ద్రిప్పుచు, త్రిప్పుట ఆపకయే మీట నొక్కవలెను. అప్పుడు కారు నిలుచును, లోకము పరుగెత్తును. ఇరువది సారులు ప్రయత్నించిన నొకటి కుదిరిన భాగ్యమే. ఫ్రాన్సు దేశస్థుడు లార్తీగ్, మొదటి ప్రపంచయుద్ధమునకు కొలది యేండ్లకు ముందు, తాను కుఱ్ఱవాడై యుండగా బాటప్రక్కన నిలిచి యిట్లే త్రిప్పుచు నొక పందెపు కారును దీసెను. అందు చక్రము కోడిగ్రుడ్డువలె ముందునకు వాలినది. చూచుచున్న జనము వెనుకకు వాలిరి. ఆనాటి కెమెరా లోపమే ఆ బొమ్మకు ప్రాణమైనది. లోకము దానిని మెచ్చుకొనుటకు అర్ధశతాబ్దము పట్టెను.

కదలెడి వస్తువుతో తానును కదలినగాని దాని బొమ్మ రాదను నీ నియమమును జూడగా నాకు నాట్యశాస్త్రము స్ఫురించినది. ప్రేక్షాగృహమునకు కొలతలు చెప్పిన భరతుడే ప్రేక్షకునకును లక్షణములు చెప్పినాడు. ఆడువాని సుఖదుఃఖములతో తాను కదలనివాడు ప్రేక్షకుడే కాడని యాతని మతము. ఇనుపమెట్లమీద గూర్చున్న మన ఛాయాగ్రాహకుడు తెలియకయే భరతుని శిష్యుడగుచున్నాడు.

ఇక వల యేల? 1955 జూన్‌లో ఫ్రాన్సున లెమాన్ పందెమున నొక కారు గట్టును గొట్టుకొని పగిలి, దాని తునకలు జనముపై బడగా 80 మందికి పైగా ప్రేక్షకులు మరణించిరి. ఆ ఘోరము పిమ్మట స్విట్జర్లాండు తన దేశమున చుట్టుబాట పందెములనే నిషేధించెను. 2018 లో జ్యూరిచ్ నగరమున విద్యుత్తు కార్లకు మాత్రము సందిచ్చెను. చూచువానిని రక్షించుటకు వల వచ్చినది. కాని చూచువానినుండి రక్షించుటకును మఱియొక వల గలదు. అది కంటికి గనబడదు. అది టిక్కెట్టు వెనుక సన్నని యక్షరములలో నుండును. ఇట్టి పెద్ద పందెములలో ప్రేక్షకుడు తీసిన బొమ్మ వాని సొంత ముచ్చటకు మాత్రమే. అమ్మరాదు, ప్రకటనలకు వాడరాదు. వ్యాపారమునకు దీయువారు వేఱు. వారు ముందుగా నర్జీ పెట్టుకొని, అనుమతి పొంది, గుర్తుచొక్కా తొడిగికొని, వలలో వారికొఱకు విడిచిన సందులకడ నిలిచి తీయుదురు. కారుపై సంఖ్య యుండును; తెఱపై చోదకుని పేరుండును. గుద్దుకొని పందెము గోలుపోయిన వాని బొమ్మక్రింద గూడ వాని పేరే వ్రాయుదురు. ఈ కట్టుబాట్లకు లోబడి కూర్చున్న ఆ సహస్రజనములో నొక్కడును "నా కళ కనుమతి యేమి?" యని పోట్లాడుట నేను వినలేదు. వల అవతలికి జేయి చాపినవాడు లేడు. చోదకుని గడ్డము పట్టుకొని "ఇటు చూడు, నవ్వు" మన్నవాడు లేడు.

ఇప్పుడు మా కొండలకు రండి.

చలికాలము వచ్చినచో హైదరాబాదు నుండియు, విశాఖపట్టణము నుండియు జనము అరకునకు తిరునాళ్లకు వచ్చినట్లు వచ్చుదురు. గ్యాలరీ మెట్లపై నున్నవారిలో నెందఱో యిచ్చటికిని వచ్చువారే. ఆ కెమెరాలే, ఆ సెల్‌ఫోనులే. 1960ల దశకమున బైలడిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు దింపుటకై కొండలు దొలిచి వేసిన రైలుదారి, 58 సొరంగముల దారి, నేడు వేడుకదారి యైనది. 2017 నుండి దానిపై అద్దపు పెట్టె నడుచుచున్నది. కప్పు అద్దము, గోడ అద్దము, గిఱ్ఱున దిరుగు కుర్చీ. ఇది తిరుగబడిన పందెము గాక మఱేమి? హుస్సేన్‌సాగరమున గ్యాలరీ నిలిచియుండును, కార్లు పరుగెత్తును. ఇచ్చట గ్యాలరీయే పరుగెత్తును, చూడబడు మనుష్యులు నిలిచియుందురు. వలిసెచేలలో కలుపు దీయు స్త్రీ తలయెత్తి చూచులోపల నామె బొమ్మ ముప్పది ఫోనులలో నెక్కును. అద్దపు పెట్టెలోనివారికి ఆమెను మాటాడింపవలసిన పని లేదు. మాటాడుటకు వీలును లేదు.

రైలు దిగిన పిమ్మట వీలున్నది. కాని మాట లేదు. థింసా యను నృత్యమును మీరు విని యుందురు. పోరజలు, బగతలు, కోదులు, వాల్మీకులు మున్నగు పలుతెగల స్త్రీలు, ముదుసళ్లును పడుచులును కలసి, ఒకరి వెనుకగా నొకరు చేతులు పెనవేసికొని, తుడుము, డప్పు, కిరిడి, మోరి మ్రోగుచుండగా వరుసగా నడచి యాడుదురు. పెండ్లికి ఆడుదురు, పండుగకు ఆడుదురు. చైత్రమున ఇటుకల పండుగకు ఆడుట చూడవలెను. ఇప్పుడు సాయంకాల మైనచో విడిదుల ముంగిట యాత్రికులకొఱకును ఆడుచున్నారు. దీనిని నేను తప్పుపట్టను. ఆడి కూలి పుచ్చుకొనుట ఆత్మగౌరవమునకు భంగము కాదు. చోదకుడును కూలి పుచ్చుకొనువాడే. కాని యాట నడుమ చొచ్చి పడుచుల భుజములపై చేతులు వేసి బొమ్మ తీయించుకొనుటయు, ఆట ముగిసి చెమట తుడుచుకొనుచున్నవారిని "మరల నొకసారి, వెలుతురు చాలలేదు" అని నిలువబెట్టుటయు ఏ టిక్కెట్టున వ్రాసియున్నది? మాడగడ మేఘముల కొండపై పట్టణపు కన్యలు కొండచీర అద్దెకు గట్టి, తలలో పూవు దుఱిమి, బొమ్మ తీయించుకొందురు. అది వారి ముచ్చట. అద్దె కొండవారికే చేరుచున్నది. నాకు దానితో పేచీ లేదు. వేషమును వేషమని యెఱిగి వేయుట మోసము కాదు.

మా పాఠశాలలో చదువుకొనుచున్న యొక పోరజ బాలిక సంతనుండి నెత్తిన గంపతో వచ్చుచుండగా ఎవరో కారాపి బొమ్మ తీసిరి. ఏడాది తిరుగులోపల ఆ ముఖము ఒక విడిది ప్రకటనపై, నిలువెత్తు పలకమీద, ఘాటురోడ్డు మలుపున వెలసినది. క్రింద పిల్ల పేరు లేదు. "అడవి యందములు పిలుచుచున్నవి" యని మాత్రమున్నది. తండ్రి పోయి యడిగినాడు. బహిరంగమైన బాటపై దీసినదనియు, తీసినవానికి సొమ్మిచ్చి కొన్నామనియు, పిల్లకు ప్రఖ్యాతియే కదా యనియు బదులు వచ్చినది. ఆ పిల్ల సంతకు పోవుట మానినది. ఆ మలుపు దాటునపుడు బస్సులో తల వంచుకొనును. చదువరులారా, పందెపు కారును అనుమతి లేక పలకపై బొమ్మగా గట్టినచో ఎన్ని నోటీసులు వచ్చియుండునో యోజింపుడు. కారునకు యజమాని గలడు, వానికి న్యాయవాది గలడు. పిల్లకు తండ్రి గలడు. ఆయన సంతలో అల్లము, పసుపు అమ్ముకొనువాడు.

ఈ రోగము క్రొత్తది కాదు. 1868 మొదలు 1875 వఱకు దొరతనమువారు ఎనిమిది సంపుటములలో భారతజనుల ఛాయాచిత్రములను వెలువరించిరి. 1909 లో చెన్నపట్టణపు మ్యూజియము అధికారి థర్‌స్టన్, రంగాచారి సాయముతో, దక్షిణదేశపు కులములను తెగలను గూర్చి ఏడు సంపుటములు ప్రకటించెను. విశాఖ ఏజెన్సీ నాడు ఆ రాజధానిలోనిదే గనుక మా కొండవారును అందున్నారు. థర్‌స్టన్ తలలు గొలిచినాడు, ముక్కులు గొలిచినాడు. ఆ గ్రంథముల బొమ్మలక్రింద సాధారణముగా నుండునది తెగపేరే. మనిషి పేరు కాదు. సరిగా నా కాలముననే హైదరాబాదున రాజా దీనదయాళుడు నవాబులను, దొరలను దీసెను. వారికి పేర్లు, బిరుదులు, తేదీలు గలవు. రాజ్యము మారినది, కెమెరా మారినది, బొమ్మక్రింది వ్రాత మారలేదు. నేటి యాత్రికుడు "గిరిజన సుందరి" యని వ్రాసి లోకమునకు పంపుచున్నాడు. తలకొలత యొక్కటి తగ్గినది, అంతయే యభివృద్ధి.

ఇందుకు వచ్చు సమాధానములు నే నెఱుగుదును. వారికి పది రూపాయలిచ్చితిమి గదా యందురు. పది రూపాయలు నవ్వునకు ధర. పలకకు ధర కాదు. ప్రేమతో దీసితి మందురు. చోదకునిపై మీకు ప్రేమ లేదా? అయినను వల దాటలేదే! ముందుగా నడిగినచో సహజత్వము చెడునని కళాభిమాను లందురు. ఇది కొంచెము యోచింపదగినది. నిజమే, అడిగిన మనిషి బిగిసిపోవును. కాని అఱువదవవంతు సెకనుకై ఎండలో రెండుదినములు నడుము ద్రిప్పుకొనిన యోర్పు గలవారు, ఒక పల్లెలో నొకపూట కూర్చుండి పేరడిగి, తమ పేరు చెప్పి, బిగువు సడలుదాక వేచియుండలేరా? యంత్రముతో కలసి కదలనేర్చినవారికి మనుష్యులతో కలసి కదలుట యసాధ్యమా?

మఱికొందఱు మంచివారు దీనికి నిషేధమే మందందురు. 2012 లో అండమాను జారవాల నాడించి తీసిన దృశ్యములు లోకమున రచ్చకెక్కినవి. వారిని బొమ్మ తీయుట నేరము. ఆ యేడే మా పొరుగున ఒడిశా ప్రభుత్వము బోండాలు, డోంగ్రియా కొంధులు మున్నగువారిని యాత్రికులు తీయుటపై ఆంక్షలు విధించినది. బయటి రోగము సోకినచో తట్టుకొనలేని జారవాలకు అది తగును. అరకు వేఱు. మా పిల్లలు తామే సెల్‌ఫోనులు పట్టి ఒకరి నొకరు తీసికొనుచున్నారు, బాగుగను తీయుచున్నారు. వారిని గాజుపెట్టెలో దాచుట కూడ నొక విధముగా మ్యూజియము బుద్ధియే. నిషేధమున అధికారికి బలము వచ్చును, తీయబడువానికి రాదు.

బలము చట్టముననే కలదు, చెప్పువారు లేరు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ఛాయాచిత్రమునకు మొదటి హక్కుదారు సాధారణముగా తీసినవాడే; బొమ్మలోని మనిషికి భాగము లేదు. కాని 1994 లో ఆ చట్టమున ప్రదర్శకుల హక్కు చేర్చబడినది. ప్రదర్శకులన నెవరు? నటులు, గాయకులు, వాద్యకారులు, నర్తకులు. గారడీవాడు, పాముల నాడించువాడు కూడ నా పట్టికలో నున్నారు. వారి ప్రదర్శనను కదలెడి చిత్రముగా బట్టి వ్యాపారమునకు వాడవలెనన్న వారి సమ్మతి కావలెను. సొంత వినియోగమునకు బట్టికొనుటను చట్టము మినహాయించినది. గమనించితిరా? మోటారు పందెపు టిక్కెట్టు వెనుక నున్న నియమ మిదియే! ఆ కంపెనీకి సన్నని యక్షరములచే సిద్ధించినది థింసా నర్తకికి పార్లమెంటు ఇచ్చియే యున్నది. విడిదిముంగిట ఆట నంతయు వీడియో పట్టి ప్రకటనలకు వాడుకొనుచున్న వ్యాపారి ఆమె సమ్మతి నడుగవలసినవాడు. నిలుచున్న బొమ్మకు ఈ రక్షణ వర్తింపదు. ఆ లోటును పూరింపవలసినది గ్రామసభ. 1996 నాటి పీసా చట్టము ఏజెన్సీ గ్రామసభలకు తమ ఆచారములను, సంస్కృతిని కాపాడుకొను శక్తి గలదని యొప్పుకొన్నది. ఆ శక్తిని మద్యము, మామిడితోపుల తగవులకే గాక దీనికిని వాడవచ్చును.

కొండవారి కిది క్రొత్త నీతియు గాదు. ఇటుకల పండుగలో స్త్రీలు బాటకు అడ్డముగా కఱ్ఱనో త్రాటినో పట్టి, వచ్చుపోవువారిని నిలిపి, ఆడిపాడి, పజోరను కానుక పుచ్చుకొని దారి విడుతురు. మంత్రి కారైనను నిలువవలసినదే. దారికి అడ్డుత్రాడు గట్టనేర్చినవారు తమ ముఖమునకు గట్టుకొనలేరని యెవ రనగలరు?

కావున విడుదులు నడుపువారిని, పర్యాటకశాఖవారిని నేను గోరునది యింతే. ఆటకు ముందొక పలక నిలుపుడు. అది తెలుగునను, ఆదివాసీ ఒడియాలోను, కువిలోను, యాత్రికుల యింగ్లీషులోను నుండవలెను. సొంత ముచ్చటకు దీయవచ్చుననియు, వ్యాపారమునకు దీయువారు బృందము పెద్దను గలసి సమ్మతి వ్రాయించుకొనవలెననియు, ఆట నడుమ త్రాడు దాటరాదనియు అందు వ్రాయుడు. సమ్మతిపత్రమున రుసుము నిర్ణయించునది బృందమే కావలెను, విడిది గుమాస్తా కాదు. ఆ పత్రము చదివి యర్థము చెప్పుట మా పాఠశాలల పై తరగతుల పిల్లల చేతనగును. పాఠ మేర్పఱచుటకు నేను సిద్ధముగా నున్నాను. పలకపై మొట్టమొదట మాత్రము ఆ సాయంకాల మాడువారి పేర్లు, కార్లపై సంఖ్యలవలె దూరమునకు గనబడునంత పెద్ద యక్షరములలో నుండవలెను.